మామిడి కొత్తకి మేం చేరిన రోజు

ఉగాది మర్నాడు బ్యాంకాక్ బయల్దేరడం నా తెలివితక్కువతనమే. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు. ఆ వేళకి విమానం వాళ్లని తిట్టాను, కౌంటర్లో నిలబడ్డ అమ్మాయి మీద విసుక్కున్నాను, మా ఆవిడ నా చొక్కా పట్టి లాగుతున్నా వినకుండా, వరసలో ముందుకు దూరిన ఒక పెద్దమనిషితో గొడవ పెట్టుకున్నాను. ఇప్పుడు చల్లబడ్డాక ఆలోచిస్తే, కాయలు దిగే రోజుల్లో మా అమ్మని మామిడిపళ్ల దేశానికి తీసుకెళ్లింది నేనే.

మాది టైడా స్టేషనుకి పైన కొండవాలులో ముప్ఫై గడపల ఊరు. నేను అరకులో ఆశ్రమ పాఠశాలలో సోషల్ చెప్తాను. ఇరవై ఏళ్లుగా గోడ మీది పటంలో దేశాలు చూపిస్తున్నాను గాని, అంతకుముందు ఒడిశా దాటి వెళ్లింది లేదు.

మా ఊళ్లో కొత్త చేయకుండా ఏ పంటా నోట పెట్టం. సామలకి, చిక్కుళ్లకి, కందులకి, మామిడికాయలకి దేనికదే ఒక కొత్త ఉంటుంది. రోజు చూసి చెప్పే దిసారి ఫలానా రోజు అంటాడు. ఆ రోజు ముందు ఊరి దేవతకి పెట్టి, తర్వాత ఎవరింట్లో వాళ్లు చనిపోయిన పెద్దలకి పెట్టి, అప్పుడు మనం తినాలి. అంతవరకూ చెట్ల కింద కాయలు రాలి పడుతున్నా చిన్నపిల్లలు కూడా నోరు కట్టుకుంటారు. పాత ఆవకాయకి అడ్డు లేదు, అది పోయినేటి కాయ. ఈ ఏటి కాయ మాత్రం చెక్కు కూడా నాకకూడదు.

మా ఆవిడది శృంగవరపుకోట దగ్గర రైతుల ఇల్లు. పెళ్లయిన మొదటి ఉగాదికి పొద్దున్నే తలంటుకుని, పుట్టింటి నుంచి తెప్పించిన కాయతో పచ్చడి చేసి, గిన్నెతో మా నాన్న ముందు నిలబడింది. నాన్న గిన్నె అందుకుని వాసన చూశాడు. "బాగా సేసినావు తల్లీ. కొత్తయ్యాక తింటాను" అని గూట్లో పెట్టాడు. కొత్త పన్నెండు రోజులకి వచ్చింది. ఆ పచ్చడి గతి నేను చెప్పక్కర్లేదు. మరుసటేడు నుంచి మా ఇంట్లో ఉగాది పచ్చడి మానేశాం. మా బావమరుదులు ఇప్పటికీ ఉగాది నాడు ఫోన్ చేసి, పచ్చడి ఎలా కుదిరింది బావా అని అడుగుతారు.

ఈ ఏడు మామిడి కొత్తకి మా ఇంట్లో ప్రత్యేకంగా ఒక పని ఉంది. నాన్న పోయిన వానాకాలంలో చనిపోయాడు. మనిషి పోయాక వచ్చే మొదటి మామిడి కొత్తకి ఆ మనిషిని విడిగా పిలుస్తాం. గుమ్మంలో కొండ వైపు తిరిగి నిలబడి, పేరు పెట్టకుండా వరస పెట్టి పిలవాలి. ఆయన బిడ్డే పిలవాలి, లేదంటే బిడ్డ బిడ్డ. కొత్త కాయ ముట్టని నోటితో పిలవాలి. అలా పిలిస్తే ఆయన వచ్చి తిని పెద్దల్లో కలిసిపోతాడని మావాళ్ల నమ్మకం. మరుసటేడు నుంచి విడి పిలుపు ఉండదు. తాతలతో, ముత్తాతలతో కలిపి పెద్దలారా రండి అని ఒక్క పిలుపే. అంటే, చనిపోయిన తండ్రిని అయ్యా అని పిలిచి ఇంటికి రప్పించుకునే వీలు కొడుక్కి ఒక్కసారే దొరుకుతుంది. మా అమ్మానాన్నలకి నేనొక్కడినే.

ఇదంతా నువ్వు నమ్ముతావా అంటే, బళ్లో పిల్లలు అడిగితే ఒక మాట చెప్తాను, ఇంట్లో ఇంకోటి చేస్తాను. ఈ పిలుపు మాత్రం నాకు కావాలి. నాన్నకి జ్వరం ముదిరిన రోజు నేను పాడేరులో ట్రైనింగులో ఉన్నాను. ఫోన్ రాగానే బయల్దేరాను. దారిలో చరియ విరిగిపడి రోడ్డు మూసుకుపోయింది. జేసీబీ వచ్చి బండలు తీసేదాకా జీపులో కూర్చుని వాన చూస్తూ ఉండిపోయాను. ఈలోగా నాన్న "గుంటడు వచ్చినాడేటి" అని రెండుసార్లు అడిగాడట. నలభై అయిదేళ్ల గుంటణ్ని నేను. ఇంటికి చేరి చెవి దగ్గర అయ్యా అన్నాను గాని, అప్పటికే ఆయన ఒళ్లు చల్లగా ఉంది. ఆ రోజు నుంచీ ఆయన వినేలా ఒక్కసారి పిలవాలని నా మనసు కొట్టుకులాడేది.

నాన్న పోయాక అమ్మ మాట్లాడటం తగ్గించేసింది. పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని కింద రైలుకట్ట కేసి చూసేది. నాన్న ఆ లైన్లోనే కీమేన్‌గా చేశాడు. భుజాన సుత్తి, చేతిలో పొడుగాటి పానా పట్టుకుని పట్టాల బిగువు చూసుకుంటూ సొరంగాల్లోంచి రోజూ నడిచేవాడు. రిటైరై చాలా ఏళ్లయినా, గూడ్సు కూత వినపడితే అమ్మ ఆయన అన్నానికి వచ్చే వేళయిందన్నట్టు తల తిప్పేది. అది చూడలేక మా ఆవిడే ఈ ప్రయాణం ఆలోచన చేసింది. విశాఖపట్నం నుంచి నేరుగా విమానం ఉంది, వీసా గొడవ లేదు, అత్తయ్యకి కాస్త గాలి మారుతుంది అంది. పోయిన రెండేళ్లూ కొత్త పున్నమి దాటాకే వచ్చింది, కాబట్టి ఈసారీ అంతే అని నేను ధీమాగా టికెట్లు కొన్నాను. దిసారిని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

బ్యాంకాక్‌లో ఏ వీధి మొగలో చూసినా మామిడిపళ్లే. తొక్క తీసి, ముక్కలు కోసి, కొబ్బరిపాలు పోసిన అన్నం పక్కన పెట్టి అమ్ముతున్నారు. అమ్మ ఆ తోపుడుబళ్ల దగ్గరికి రాగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. పదేళ్ల మా అమ్మాయి తాతకి కొత్త పెట్టాలి కాబట్టి తానూ ముట్టనని తనంతట తనే అంది. అనడమే కాదు, మా అందరి మీదా కాపలా పెట్టుకుంది. జ్యూసు డబ్బా, బిస్కెట్ పొట్లం, ఐస్‌క్రీమ్ పుల్ల, ఏది కొన్నా దాని మీద బొమ్మలు, అక్షరాలు చదివి, మామిడి లేదని తేలాకే మామ్మకి ఇచ్చేది. అక్కడ పచ్చి బొప్పాయి కోరి, ఉప్పు, కారం, నిమ్మరసం వేసి కలుపుతారు. అది నాకు తెగ నచ్చింది. రోజూ అదే తిన్నాను.

అయిదో రోజు పొద్దున చిన్నాన్న ఫోన్ చేశాడు. నాన్నకి తమ్ముడు, ఇప్పుడు మా ఇంటికి పెద్ద ఆయనే.

"దిసారి సుక్కురోరం అన్నాడు. మీరు బేగి వచ్చీండి."

"బుధవారం మధ్యాహ్నమే మా విమానం. సాయంత్రానికి విశాఖపట్నంలో ఉంటాం."

"అయితే సరే."

నేను కూడా సరే అనుకున్నాను. చేతిలో ఒక రోజు మిగులుందని మా ఆవిడతో గొప్పగా చెప్పాను కూడా.

బుధవారం పదిన్నరకల్లా పాస్‌పోర్టుల మీద ముద్రలు కొట్టించుకుని గేటు దగ్గర కూర్చున్నాం. బోర్డు మీద మా విమానం పక్కన ఒంటిగంట ఉండాల్సిన చోట మూడు అని వచ్చింది. కాసేపటికి అయిదున్నర అయింది. గేటు నంబరు మారిందంటే సామాన్లన్నీ పట్టుకుని ఆ చివరికి పరిగెత్తాం, మళ్లీ పాతదే అంటే వెనక్కి వచ్చాం. అడిగితే విమానంలో ఏదో భాగం చెడింది, సరిచేస్తున్నారు అన్నారు. ఏ భాగమో చెప్పమని గట్టిగా అడిగాను. చెబితే నాకేం అర్థమవుతుందో నాకే తెలీదు.

"కోపంతో ఎగిరేవైతే ఆటికి పెట్రోలు ఎందుకండీ. ఇలాగొచ్చి కూకోండి" అంది మా ఆవిడ.

అమ్మ అప్పటికే కుర్చీ వదిలేసి కింద తివాచీ మీద చక్కగా బాసింపట్టు వేసుకుంది. సంచిలోంచి చోడిపిండి డబ్బా తీసి, మనవరాల్ని కాఫీ కొట్టుకి పంపి వేడినీళ్లు తెప్పించి, సీసాలో అంబలి కలిపింది. ఎదురు కుర్చీలో గాజువాకావిడ ఎవరో మొహమాటపడుతూ అడిగితే ఆవిడకీ ఓ కప్పు పోసింది. చూస్తుండగానే నలుగురైదుగురు మన తెలుగువాళ్లు అమ్మ చుట్టూ చేరారు. అమ్మ నెలల తర్వాత అన్ని మాటలు మాట్లాడటం అప్పుడే విన్నాను.

ఎదురు చూడటం అమ్మకి నాన్న నేర్పిన విద్య. మా కొండ మీద రైలుకి ఒకటే లైను. ఎదుట ఇనపరాయి మోసే గూడ్సు బండి వస్తుంటే పాసింజరు పక్క లైన్లోకి తప్పుకుని నిలబడాలి. చిన్నప్పుడు నేను కిటికీలోంచి తల బయట పెట్టి ఎప్పుడు కదులుతుందని ప్రాణం తీసేవాణ్ని. నాన్న నన్ను కిందికి దింపి, కట్ట పక్క రాళ్ల మీద కూర్చోబెట్టి, ఏ బండికి ఎన్ని పెట్టెలుంటాయో లెక్కపెట్టమనేవాడు. "రావలసింది వచ్చీసాక ఎల్తాది" అనేవాడు. అంతకు మించి ఆయన ఎప్పుడూ కంగారుపడలేదు. నాకు మాత్రం ఆ ఓపికలో వీసమెత్తు కూడా రాలేదు.

సాయంత్రానికి ఈ రోజుకి విమానం లేదని తేల్చారు. పాస్‌పోర్టుల మీద మళ్లీ ముద్రలు కొట్టించి, మమ్మల్నందర్నీ బస్సెక్కించి, దగ్గర్లో ఒక హోటల్లో పడేశారు. మర్నాడు గురువారం పొద్దున మళ్లీ అదే గేటు, అదే బోర్డు. పదకొండు అన్నారు. ఆ తర్వాత రెండు అన్నారు. నేను చిన్నాన్నకి ఫోన్ చేశాను.

"ఊరి కొత్త ఆగదురా. పొద్దున్నే సేసీత్తారు. మనింటి కొత్త నీకోసం ఆపుతాను. పొద్దు గూకిందాక ఆపుతాను, ఆ పైన నా సేతిలో నేదు" అన్నాడు.

"పిల్లలో?"

"మనింటి గుంటలకి సెప్పినాను. పక్కింటోళ్లు తింటంటే సూత్తా కూకుంటారు. మా అన్న కోసవే గదా."

ఫోన్ పెట్టేసి మళ్లీ బోర్డు ముందుకెళ్లి నిలబడ్డాను. ఊరంతా కాయలు తింటుంటే మా చిన్నాన్న మనవలు నా కోసం చేతులు కట్టుకుని కూర్చుంటారు. రెండు దాటింది. నాలుగు అన్నారు. కౌంటర్లో అమ్మాయి చేతులు జోడించి నవ్వింది. ఆ నవ్వు చూసి మరీ ఒళ్లు మండింది. ఆ పిల్ల ఏం చేస్తుంది పాపం, నిన్నటి నుంచి ఆమె కూడా అక్కడే నిలబడి ఉంది.

ఆకలి మీదున్న జనాన్ని చల్లార్చడానికి భోజనం పొట్లాలు పంచారు. మా ఆవిడా, అమ్మాయీ మొహాలు కడుక్కోవడానికి వెళ్లారు. అమ్మ పక్కకి ఒరిగి కళ్లు మూసుకుని ఉంది. నేను పొట్లం విప్పాను. అన్నం, వేయించిన కోడి ముక్క, ఒక చిన్న డబ్బాలో సన్నగా కోరిన తెల్లటి ఆకుపచ్చ తురుము. రోజూ తినే బొప్పాయే అనుకున్నాను. బోర్డు మీదే కళ్లు పెట్టి చెంచాతో నోట్లో వేసుకున్నాను.

బొప్పాయి కాదు. పచ్చి మామిడికాయ.

ఇక్కడ నిజం చెప్పాలి, లేకపోతే ఇదంతా రాయడం దండగ. మొదటి ముద్ద పొరపాటు. దాన్ని ఉమ్మేయొచ్చు. ఉమ్మేసి, నోరు పుక్కిలించి, అమ్మని లేపి జరిగింది చెప్తే, తెలియక చేసినదానికి ఏదో దారి ఉండేది. నేను ఉమ్మలేదు.

ఆ పులుపు, ఉప్పు, కొండమిరప లాంటి ఆ ఘాటు నాలిక్కి తగలగానే నాన్న నా ఎదురుగా కూర్చున్నాడు. ఎండాకాలం సెలవుల్లో నేను ఆయనకి అన్నం కేరేజీ పట్టుకెళ్లేవాణ్ని. సొరంగం బయట గుడిసె నీడలో ఆయన అడ్డాకు పరిచి, కొత్తయ్యాక రాలిన కాయని రాయి మీద చితక్కొట్టి, ఉప్పూ మిరపకాయా నూరి అద్దేవాడు. కండంతా నాకు పెట్టి, టెంక తను చీకేవాడు. కళ్లలో నీళ్లు కారుతుంటే, ఇంకా కావాలా అని అడిగేవాడు. కావాలనేవాణ్ని. ఆ ఒక్క మాటకి ఆయన మొహం వెలిగిపోయేది.

ఎనిమిది నెలలుగా ఆయన్ని ఎక్కడెక్కడో వెతుక్కున్నాను. ఫొటోలో చూసుకున్నాను, ఆయన చొక్కా వాసన చూసుకున్నాను. ఏదీ ఇంత దగ్గరికి తీసుకురాలేదు. రెండో ముద్ద తెలిసే తిన్నాను. మూడోదీ తెలిసే తిన్నాను. డబ్బా అడుగున మిగిలిన రసం కూడా తాగేశాను. ఆ కాసేపూ విమానం గుర్తు లేదు, శుక్రవారం గుర్తు లేదు. తర్వాత ఖాళీ డబ్బా చేతిలో చూసుకుంటే, నేనేం చేశానో అర్థమైంది.

డబ్బా తీసుకెళ్లి చెత్తబుట్టలో అడుక్కి తోశాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. తిరిగొచ్చేసరికి అమ్మ లేచి కూర్చుని ఉంది. నా కేసి ఒకసారి చూసి, "ఏటి సెప్పినారు" అంది. నాలుగింటికన్నారని చెప్పాను. అమ్మాయి వచ్చి భోజనం పొట్లాలన్నీ తనిఖీ చేసి, అమ్మో ఇందులో మామిడి ఉంది, ఎవరూ ముట్టకండి అని డబ్బాలన్నీ తీసి పక్కన పెట్టేసింది. నీ డబ్బా ఏది నాన్నా అంది. పారేశాను అన్నాను. అది అబద్ధం కాదు.

నాలుగింటికీ కదల్లేదు. మళ్లీ హోటల్. శుక్రవారం తెల్లవారగానే వేరే విమానం తెప్పించారు, మధ్యాహ్నం పన్నెండింటికి అన్నారు. ఈసారి చెప్పిన వేళకన్నా అరగంట మాత్రమే ఆలస్యంగా లేచింది. విమానంలో తెలుగువాళ్లందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. రెండు రోజులుగా ఎగరమని తిట్టిన మనిషిని, ఇప్పుడు ఇంకాస్త ఆలస్యమైతే బాగుండునని కోరుకుంటున్నాను. పొద్దు గూకేలోపు చేరకపోతే చిన్నాన్న ఏదో చేసేస్తాడు, నా తప్పు విమానం మీదికి పోతుంది. అంత నీచంగా ఆలోచించాను.

అన్నీ సవ్యంగా జరిగాయి. సామాన్లు బేగి వచ్చాయి. మాట్లాడి పెట్టుకున్న కారు బయటే ఉంది. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఎండ మెత్తబడింది. రోడ్డు పక్క ప్రతి చెట్టుకీ గుత్తులుగా కాయలు. మా అమ్మాయి కిటికీలోంచి చూస్తూ, ఇంకో గంటలో తినొచ్చు కదా మామ్మా అంది.

"మీ తాతకి పెట్టీసాక" అంది అమ్మ.

ముందు సీట్లో కూర్చున్న నాకు అద్దంలో అమ్మ కళ్లు కనిపిస్తున్నాయి. అవి నా మీదే ఉన్నాయి. ప్రతి మలుపు దగ్గరా ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, చేరిపోయాం కదండీ, ఇంకా ఏటి దిగులు అంది. బహుశా నాకు జ్వరం వచ్చిందనుకుని ఉంటుంది.

మేం చేరేసరికి పొద్దు కొండ నెత్తి మీద జానెడు ఎత్తులో ఉంది. గుమ్మం అలికి ఉంది. అడ్డాకు విస్తరి పరిచి, సామల అన్నం, పప్పు, కోసిన కాయ ముక్కలు సిద్ధంగా పెట్టారు. చిన్నాన్న మనవలు నలుగురూ అరుగు మీద వరసగా కూర్చుని ఉన్నారు. పొద్దున్నుంచీ కూర్చున్నారట. అందులో చిన్నది నన్ను చూసి, పెదనాన్న వచ్చేసినాడు అని గట్టిగా చెప్పి, వెంటనే విస్తరి కేసి చూసింది.

కాళ్లు కడుక్కున్నాను. చిన్నాన్న ఒక ముక్క నా దోసిట్లో పెట్టి కొండ వైపు తిప్పి నిలబెట్టాడు. "పిలువు" అన్నాడు. కింద కట్ట మీద గూడ్సు ఏదో పోతోంది. అది దాటేదాకా అందరూ ఆగారు. తర్వాత అందరూ నా కేసి తిరిగారు. నా నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది. ఎనిమిది నెలలుగా సిద్ధంగా ఉంది. పిలిచేస్తే ఎవరికీ తెలీదు.

ఆయనకి తెలుస్తుంది కదా అనిపించింది.

"సిన్నాన్నా, నాను పిలవకూడదు. ఆడ కాయ తినీసినాను" అన్నాను.

చిన్నాన్నకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన మొహం చూడలేకపోయాను. "తెలీక తిన్నావేటి?" అన్నాడు, అవునంటే ఏదో ఒకటి చేద్దామన్నట్టు.

"మొదటిది తెలీక. తరవాత తెలిసే తిన్నాను."

మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నాన్న అరుగు మీది పిల్లల కేసి చూశాడు. "పొద్దున్నుంచీ నోరు కట్టుకున్నారురా ఈ గుంటలు, నీకోసం" అని మాత్రం అన్నాడు. అంతకన్నా ఆయన నన్ను కొట్టినా బాగుండేది.

అమ్మ మనవరాలి భుజం పట్టి ముందుకి తీసుకొచ్చింది. "గుంట పిలుత్తాది. పొద్దు గూకిపోతాంది, కానీండి" అంది. నా దోసిట్లో ముక్క తీసి మనవరాలి దోసిట్లో పెట్టింది. మా అమ్మాయి నా కేసి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేవాణ్ని. నువ్వు చెప్పు నాన్నా ఏం చేయనూ అని అడుగుతోంది. పిలవమని తలూపాను.

కొత్త కాకముందే కాయ తినేసినవాడు గుమ్మం దగ్గర ఉండకూడదు. వాకిట్లోకి దిగి, కాఫీ గింజలు ఆరబోసే కళ్లం అంచున నిలబడ్డాను.

"తాతా, కొత్త పెట్టినాం. రా" అంది మా అమ్మాయి. మొదటిసారి మాట వాకిలి దాటలేదు. అమ్మ ఏదో చెప్పింది. రెండోసారి ఊరంతా వినపడేలా పిలిచింది. పొద్దు కొండ వెనక్కి దిగింది. చిన్నాన్న విస్తరి దగ్గర నీళ్లు చల్లి లేచాడు. పిల్లలు కాయల మీద పడ్డారు. ఆ చిన్నది రెండు చేతులా ముక్కలు పట్టుకుని నములుతుంటే పులుపుకి మొహం అష్టవంకర్లు పోతోంది.

కాసేపటికి అమ్మ ఆకులో రెండు ముక్కలు పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పెద్దలకి పెట్టేశాక ఎవరైనా తినొచ్చు. ఆకు నా చేతికిచ్చి పక్కనే నిలబడింది.

"ఆడ కాయ ఎలాగుంది?"

"అయ్య కొట్టిచ్చినట్టుంది."

అమ్మ తలూపింది. "నీ సేతి వాసన నాకు తెలీదేటి. ఎంత సబ్బు రాసినా."

"మరి ఆడే ఎందుకు అడగనేదమ్మా?"

"అడిగితే నేదనేవోడివి. అబద్దం ఆడిన నోటితోటి పిలిచీత్తావేమోనని ఈదాకా బయపడతానే వచ్చినాను. సెప్పినావు. సాలు." కొంగుతో నా మొహం తుడిచి, "తిను" అంది.

ముక్క నోట్లో పెట్టుకున్నాను. మా చెట్టు కాయే. పుల్లగా, పీచుగా ఉంది. నాన్న రాలేదు.

లోపల మా అమ్మాయి చిన్నాన్న మనవలకి గొప్పగా చెబుతోంది, తను పిలవగానే తాత వచ్చాడని, అలికిన గుమ్మం మీద ఆకు కదిలిందని. వచ్చే ఉంటాడు. పిల్ల పిలిస్తే ఆయన ఆగే మనిషి కాదు. మనవరాలి వెనకే నడిచి వచ్చి, కడుపునిండా తిని, పెద్దల్లో కలిసి ఉంటాడు. కానీ ఆ గుమ్మంలోకి వచ్చింది మా అమ్మాయికి తాత. అయ్యా అని ఎవరూ పిలవలేదు. ఇక ఎప్పటికీ ఎవరూ పిలవరు.